పీత ట్యాంకు దాటకుండా ఉండాలంటే

ఒడిశాలోని పర్లాకిమిడిలో నాది గాజు, అల్యూమినియం పని. కిటికీలు, షోకేసులు, పటాల ఫ్రేములు, మధ్యమధ్యలో అక్వేరియాలు. చేపల కోసం ట్యాంకు కట్టించుకున్నవాళ్ళు మళ్ళీ ఏళ్ళ తరబడి కనబడరు. పీత కోసం కట్టించుకున్నవాళ్ళు మాత్రం వారం తిరక్కుండా వచ్చేస్తారు. "మూత మీద ఇటిక కూడా పెట్టానండీ, ఎలా పోయిందో ఏటో" అంటారు. తెలుగువాళ్ళయినా ఒడియావాళ్ళయినా అందరిదీ ఇటిక మాటే.

ఇటిక సంగతి తరవాత చూద్దాం. ముందు మీ పీత ఎలా ఎక్కుతోందో కనిపెట్టండి. రాత్రి లైట్లు తీసేసి, ఫోన్ టార్చికి ఎర్రటి సెలోఫేన్ కాగితం చుట్టి, కాస్త దూరంగా కూర్చోండి. తెల్ల వెలుగు పడితే బొరియలోకి దూరిపోతుంది.

నున్నటి గాజు మధ్యలో అది ఎక్కలేదు. కాళ్ళు గీరుకుని జారిపోతుంది. అందుకే మూలకి వెళ్తుంది. పొట్ట మూల వైపు పెట్టి, ఎడమ కాళ్ళు ఒక గాజుకి, కుడి కాళ్ళు రెండో గాజుకి అదిమి లేస్తుంది. రెండు గాజులు కలిసే చోట లోపలి వైపు సిలికాన్ ఉంటుంది కదా, సూదుల్లాంటి కాలి కొనలు అందులో దిగుతాయి. ఒక కాలు పట్టు దొరికాక ఇంకోటి, అలా నెమ్మదిగా పైకి వస్తుంది. పెద్ద డెక్క పై అంచుకి తగిలిందా, ఇక ఆలోచన లేదు, ఆ ఒక్క పట్టుతోనే ఒళ్ళంతా పైకి లాక్కుంటుంది. ఒళ్ళు బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి, మనం చిన్నదనుకున్న సందులోంచే పక్కవాటుగా జారుకుంటుంది.

కాబట్టి మూత కన్నా ముందు చూడాల్సింది దానికి దొరికే పట్లు. ట్యాంకు కట్టేటప్పుడే లోపలి సిలికాన్ పలచగా లాగించి, ఆరాక బ్లేడుతో అంచులు నున్నగా కోయించుకోండి. చేపల ట్యాంకుకి వేసినట్టు లావుగా వేస్తే పీత దాన్ని ఎక్కడానికి వాడుకుంటుంది, తీరిక దొరికితే డెక్కతో పీకేస్తుంది కూడా. బూజు పట్టని మందు కలిపిన బాత్రూమ్ సిలికాన్ వద్దు, అక్వేరియం రకమే అడగండి. వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా పీతని అందులో దింపకండి.

అసలైన దొంగదారి గాలి పైపు. బబుల్ పంపు గొట్టం, ఫిల్టర్ వైరు, హీటర్ వైరు ఏది వేలాడినా పీతకి తాడు దొరికినట్టే. దీనికి నా సలహా సూటిగా ఉంటుంది: పొలం పీతకి, నేల పీతకి ఫిల్టరే వద్దు. దాని మొప్పలు తడిగా ఉండాలి గానీ ట్యాంకు నిండా నీళ్ళక్కర్లేదు. ఒక వెడల్పాటి పళ్ళెంలో ఒళ్ళు సగం మునిగేన్ని నీళ్ళు, ఎక్కి దిగడానికి ఒక గరుకు రాయి, రోజూ నీళ్ళు మార్చడం, అంతే. వైరు లేకపోతే వైరు కోసం మూతకి కన్నమూ ఉండదు. తప్పదంటే అద్దానికి డైమండ్ బిట్‌తో సరిగ్గా వైరు పట్టేంత రంధ్రం చేయించి, రబ్బరు బుష్ బిగించండి. స్పాంజి కుక్కితే ఒక్క రాత్రిలో పీకి పోగులు పెడుతుంది. టఫెన్డ్ గాజుకి మాత్రం రంధ్రం చేయమని ఏ మేస్త్రీనీ అడక్కండి, మొత్తం పలక పెసరబద్దల్లా రాలిపోతుంది.

ఇక ఎత్తు. మామూలుగా అమ్మే ట్యాంకు 2 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు, 15 అంగుళాల ఎత్తు. చేపలకి సరే. పీతకి తవ్వుకోవడానికి 6 అంగుళాల తడి ఇసుక, కొబ్బరి పొట్టు కలిపి వేశారనుకోండి, మిగిలింది 9. దాక్కోవడానికి బోర్లించిన కొబ్బరి చిప్ప ఇంకో 3 లేదా 4 తినేసింది. చిప్ప మీద నిలబడి చెయ్యి చాపితే అంచు అందేలా ఉంటుంది. అందుకే 18 అంగుళాల ఎత్తు కట్టించుకోండి. చిప్పలూ కర్రలూ మూలల్లో పెట్టకుండా మధ్యలో పెట్టండి. ఇంకో సంగతి చాలామంది గమనించరు. పీత బొరియ తవ్విన మట్టిని తెచ్చి ఒక పక్కన కుప్ప పోస్తుంది. ఆ కుప్ప మూలలో పడితే నేలే పైకి లేచినట్టవుతుంది. వారానికోసారి దాన్ని చదును చేయాలి, బొరియ మాత్రం కదపకూడదు.

పై అంచు చుట్టూ లోపలి వైపుకి గాజు పట్టీ అతికిస్తే సగం టెన్షన్ పోతుంది. చిన్న పీతకి 2 అంగుళాలు, పెద్దదానికి 3. మూల పట్టుకుని పైదాకా వచ్చినా నెత్తికి పట్టీ తగులుతుంది, దాని అవతలి అంచు అందదు. ట్యాంకుకి బలం కూడా. నేనైతే పీత ట్యాంకు ఈ పట్టీ లేకుండా కట్టను, ఖర్చు ఎక్కువవుతుందని బేరమాడినా సరే.

ఇప్పుడు మూత, ఇటిక. 2 అడుగుల ట్యాంకుకి 4 మిల్లీమీటర్ల గాజు మూత వేస్తే బరువు 2 కిలోలకి కాస్త తక్కువ. మామూలు పొలం పీత దాన్ని ఎత్తలేదు. ఎక్కడో ఒక పక్క సందుంటే మాత్రం డెక్క పెట్టి జరుపుతుంది. దాని మీద ఇటిక పెడితే గాజు మధ్యలో బీటలివ్వొచ్చు, సందు మాత్రం అలాగే ఉంటుంది. పైగా పూర్తిగా గాజు మూసేస్తే గాలాడదు, లోపల బూజు పడుతుంది. మూతలో మూడింట రెండు వంతులు గాజు, ఒక వంతు జాలీ పెట్టించండి. తడీ నిలుస్తుంది, గాలీ ఆడుతుంది.

జాలీ ఏదో ఒకటి అనుకోవద్దు. కిటికీలకి కొట్టే బూడిద రంగు దోమల జాలీని పీత కత్తిరించేస్తుంది. ఇనప జాలీ తడికి తుప్పు పడుతుంది. స్టీలు జాలీ, 304 గ్రేడు, తీసుకోండి. దోమల ఫ్రేముల్లో జాలీని గాడిలో రబ్బరు బీడింగ్ నొక్కి బిగిస్తాం. ఆ బీడింగ్ లోపలి వైపుంటే పీత దాన్ని దారంలా లాగేస్తుంది. బీడింగ్ పైకి వచ్చేలా ఫ్రేము తిప్పించుకోండి, ఇంకా నమ్మకం కావాలంటే చుట్టూ అల్యూమినియం పట్టీ వేసి రివెట్లు కొట్టించండి. పక్కకి జరిపే మూతలు నాకు నచ్చవు, గాడిలో ఇసుక పడి సగంలో ఆగిపోతాయి. బందులు వేసి, చిన్న గడియ పెట్టించుకోవడం మంచిది. ఇంట్లో పిల్లలుంటే ఆ గడియ పీత కన్నా వాళ్ళ కోసమే ఎక్కువ.

ఇంత చేసినా రోజూ రాత్రి మూత గీకుతోందంటే లోపల ఏదో నచ్చలేదన్నమాట. మట్టి ఎండిపోయిందా, లోతు చాలలేదా, నీళ్ళలో క్లోరిన్ వాసనుందా, ఎదురుగా ట్యూబ్‌లైటు వెలుగుతోందా చూడండి. ఒకే ట్యాంకులో రెండు పీతలుంటే బలహీనమైనది పారిపోవాలనే చూస్తుంది, పారిపోకపోతే కాళ్ళు పోగొట్టుకుంటుంది. మనవైపు పొలం గట్టు పీత పిల్లల్ని పొట్ట కిందే మోస్తుంది, బుజ్జి పీతలుగానే బయటికి వస్తాయి. గోపాల్‌పూర్ వైపు సముద్ర తీరం నుంచి తెచ్చిన నేల పీత అలా కాదు. ఆడదానికి గుడ్లుంటే వాటిని వదలడానికి సముద్రానికే వెళ్ళాలి. అలాంటిదాన్ని ఏ మూతా శాంతపరచలేదు, తెచ్చిన తీరానికే చేర్చండి.

కొన్నిసార్లు బొరియలోంచి రోజుల తరబడి బయటికి రాదు. పారిపోయిందని కంగారుపడి మట్టంతా తవ్వేయకండి. ఒంటి మీది పాత చిప్ప విడుస్తూ ఉండొచ్చు. అప్పుడు ఒళ్ళు మెత్తగా ఉంటుంది, వేలు తగిలినా దెబ్బే. ముందు మూత, సందులు చూసుకోండి. అన్నీ బిగువుగా ఉంటే అది లోపలే ఉంది.

నిజంగానే బయటపడిందా? ముందు బాత్రూమ్ నీళ్ళు పోయే కన్నానికి జాలీ ఉందో లేదో చూసి, లేకపోతే మూసేయండి. ఆ దారి పడితే ఇక దొరకదు. ఆ రాత్రి దోమల చక్రం, బొద్దింకల స్ప్రే ముట్టుకోకండి, వాటిలోని మందు పీతకి ప్రాణాంతకం. గుమ్మాల దగ్గర బియ్యప్పిండి పలచగా చల్లితే ఏ గదిలోకి వెళ్ళిందో కాళ్ళ గుర్తులు చెబుతాయి. చీమలొస్తాయి, పొద్దున్నే తుడిచేసుకోవాలి మరి. వంటింటి మూలలో తడి గోనెసంచి మడత పెట్టి, పక్కనే పళ్ళెంలో నీళ్ళు ఉంచండి. ఒళ్ళు ఆరిపోతున్న పీత తడి వెతుక్కుంటూ అక్కడికే వస్తుంది. ఫ్రిజ్ కింద, కుండ వెనక కూడా చూడండి. వానాకాలమైతే కొంచెం ఎక్కువ సేపు తట్టుకుంటుంది, ఏప్రిల్, మే నెలల్లో ఆ వెసులుబాటు ఉండదు.

కనబడగానే కాలు పట్టి లాగకండి, కాలు తెంపేసుకుని పోతుంది. మీద ప్లాస్టిక్ డబ్బా బోర్లించి, కింద అట్ట తోయండి. చేత్తోనే పట్టాలంటే వెనక నుంచి, చిప్పకి రెండు పక్కలా. దాన్ని నేరుగా నిండు నీళ్ళలో వేయకుండా, క్లోరిన్ లేని నీళ్ళు ఒళ్ళు సగం తడిసేంత పోసిన పళ్ళెంలో, రాయి ఒకటి పెట్టి, చీకట్లో వదిలేయండి. దుమ్ము, జుట్టు చుట్టుకుని ఉంటే నీళ్ళు ఒకసారి మార్చండి. కాళ్ళు ఒకటో రెండో పోయినా గాబరా పడక్కర్లేదు, తరవాత చిప్పలు విడిచినప్పుడు మళ్ళీ మొలుస్తాయి.