జీసాప్‌తో పెట్టెని కదిలించడం ఎలా? ('ఫ్రమ్' దగ్గర జాగ్రత్త)

వెబ్ పేజీలో వస్తువుల్ని కదిలించే జావాస్క్రిప్ట్ లైబ్రరీ జీసాప్. దాన్ని స్క్రిప్ట్ ట్యాగ్‌తో బాడీ చివర పెట్టండి. కదలాల్సిన పెట్టెకి ఒక ఐడీ ఇవ్వండి. 2025 నుంచి ప్లగిన్లతో సహా అంతా ఉచితమే, డబ్బుల టెన్షన్ లేదు.

తర్వాత 'జీసాప్ డాట్ టు' అని రాసి, ఏది కదలాలో, ఎంత దూరమో, ఎన్ని సెకన్లో చెప్పండి. సెకన్లేనండోయ్! మిల్లీసెకన్లలో లెక్క చెప్పే పాత లైబ్రరీ జేక్వెరీ అలవాటు కొద్దీ 400 అని రాస్తే పెట్టె చేరేసరికి ఆరున్నర నిమిషాలు దాటుతుంది. 0.4 పెట్టండి, అంతకు మించకూడదు. ఈజ్‌కి, అంటే కదలిక వేగం ఎలా మారాలన్నదానికి, పవర్2 అవుట్ ఒక్కటే. బౌన్స్ పెట్టారంటే పాత పెళ్లి క్యాసెట్లో గుండె బొమ్మలోంచి వధూవరులు గిరగిరా తిరుగుతూ వచ్చినట్టుంటుంది.

జరపడానికి సీఎస్ఎస్‌లోని లెఫ్ట్, టాప్ ముట్టుకోవద్దు. అవి మారిన ప్రతిసారీ బ్రౌజర్ లేఔట్ లెక్క, అంటే పేజీలో ఏది ఎక్కడుండాలన్నది, మళ్లీ వేసుకోవాలి. సెకనుకి 60 ఫ్రేములంటే ఒక్కోదానికి దక్కేది దాదాపు 16.7 మిల్లీసెకన్లే. ఎక్స్, వై వాడితే పని ట్రాన్స్‌ఫామ్ మీద జరుగుతుంది, ఆ లెక్క వేసుకునే బాధ తప్పుతుంది. జేక్వెరీ యానిమేట్‌తో ఇదంతా చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. పాత ఫోన్లో పెట్టె ఎడ్లబండిలా కుదుపుతుంటే నెట్‌ని తిడతారు.

ఇక్కడిదాకా అందరూ బాగానే చేస్తారు. కొంప ముంచేది 'ఫ్రమ్', అంటే మొదలు మాత్రమే చెప్పి కదిలించే 'జీసాప్ డాట్ ఫ్రమ్'.

బటన్ నొక్కగానే 'కార్ట్‌లో చేరింది' అనే పెట్టె మెల్లగా కనబడాలనుకోండి. ఒపాసిటీ (0 అంటే కనబడదు, 1 అంటే పూర్తిగా కనబడుతుంది) 0 నుంచి అని ఫ్రమ్‌లో రాస్తారు. ఎక్కడిదాకా అన్నది మీరు చెప్పలేదు. ఆ క్షణంలో పెట్టెకి ఎంత ఒపాసిటీ ఉంటే అదే గమ్యం అనుకుంటుంది జీసాప్. మొదటి నొక్కుకి అది 1, బాగానే ఉంటుంది. సగంలో, 0.3 దగ్గర ఉండగా మళ్లీ నొక్కితే? కొత్త గమ్యం 0.3. పెట్టె దెయ్యంలా మసకగా అక్కడే ఆగిపోతుంది. గబగబా ఇంకోసారి నొక్కితే దాదాపు మాయం.

ఒక చీరల షాపు సైటుకి నేనూ ఇదే చేశాను. నేను ఒక్కసారే నొక్కి చూశాను, కస్టమర్లు టకటకా నొక్కారు.

అందుకే క్లిక్ మీద నడిచేదానికి ఎప్పుడూ 'ఫ్రమ్‌టు' రాయండి. మొదలు 0, చివర 1, రెండూ మీరే చెప్పండి. పక్కన ఓవర్‌రైట్ ట్రూ అని పెడితే సగంలో ఉన్న పాత యానిమేషన్ చచ్చిపోతుంది.

ఇంకొకటి, అదే పెట్టెకి సీఎస్ఎస్‌లో ట్రాన్సిషన్ (మార్పుని మెల్లగా చూపించేది) ఉంటే తీసేయండి. జీసాప్ ప్రతి ఫ్రేముకీ విలువ మారుస్తుంటే, ఆ మార్పునీ నిదానం చేయబోతుంది ట్రాన్సిషన్. ఇద్దరు డ్రైవర్లు ఒకే స్టీరింగ్ పట్టుకున్నట్టే.

అయ్యాక పాత ఫోన్ ఒకటి తీసుకుని బటన్‌ని పదిసార్లు గబగబా నొక్కండి. పెట్టె పూర్తిగా కనబడుతూ ఆగితేనే సైటుని పైకి ఎక్కించండి.