క్యాంప్ నౌ లేటు మీద గొడవకి దిగే ముందు ఇవి చూసుకోండి

బార్సా, అంటే స్పెయిన్ ఫుట్‌బాల్ క్లబ్బు బార్సిలోనా, ఫ్యాన్స్ నలుగురు ఒకచోట కూర్చుంటే ఆట గురించి పది నిమిషాలు, మిగతా టైమంతా ఆ క్లబ్బు స్టేడియం క్యాంప్ నౌ గోలే. "ఇంకా ఎన్నాళ్లు కడతార్రా" అని ఒకడు అంటే "లక్ష సీట్లంటే నీ ఇంటి మేడ మీద గది అనుకున్నావా" అని ఇంకొకడు లేస్తాడు. ఈ పంచాయితీలో చాలాసార్లు ఇరుక్కున్నాక నాకంటూ ఒక పద్ధతి కుదిరింది, అదే చెప్తున్నా.

ముందు తేదీలు ఒకచోట రాసుకోండి, ఫోన్‌లో అయినా సరే. పాత స్టేడియంలో ఆఖరి మ్యాచ్ 2023 మే 28న, మయోర్కా మీద. జూన్‌లో దాన్ని తిరగకట్టే పనులు మొదలయ్యాయి, కాంట్రాక్టు టర్కీ కంపెనీ లిమాక్‌ది. తిరిగొస్తామన్నది 2024 నవంబర్ 29కి, అంటే క్లబ్బుకి 125 ఏళ్లు నిండే రోజుకి. నిజంగా వచ్చింది 2025 నవంబర్ 22న. ఏడాదికి వారం తక్కువ. "రెండేళ్లు లేటు" అనేవాడూ, "అబ్బే, అదేం పెద్ద లేటు కాదులే" అనేవాడూ ఈ లెక్క దగ్గర ఇద్దరూ కాస్త తగ్గుతారు. కాకపోతే క్లబ్బు పాత సభ్యులు ఇంకో లెక్క తీస్తారు: 2014లోనే 600 మిలియన్ యూరోల ప్లానుకి ఓటేశారు, అది ఏళ్లతరబడి మూలన పడింది, 2021 డిసెంబర్‌లో ఈసారి 1.5 బిలియన్ అప్పుకి మళ్లీ ఓటెయ్యాల్సి వచ్చింది. వాళ్ల కోపం అక్కడి నుంచి. కాబట్టి ఎదుటివాడు ఏ తేదీ నుంచి లెక్కపెడుతున్నాడో ముందు అడగండి, సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి.

ఇక అసలు సంగతి, అందరూ పప్పులో కాలేసేది ఇక్కడే. కట్టడం అయిపోవడం వేరు, జనాన్ని లోపలికి రానివ్వడం వేరు. హైదరాబాద్‌లో ఫ్లాట్ కొన్నవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. టైల్స్ వేశారు, రంగులు కొట్టారు, లిఫ్ట్ కూడా తిరుగుతోంది, కానీ ఓసీ, అంటే ఇక చేరొచ్చన్న కాగితం, రాలేదు. క్యాంప్ నౌ కథ కూడా అచ్చం అదే. 2025 ఆగస్టులో ఏటా సీజన్‌కి ముందు ఆడే జోన్ గాంపెర్ మ్యాచ్ అక్కడే ఆడదామనుకున్నారు, కుదర్లేదు. సెప్టెంబర్ 14న వలెన్సియా మ్యాచ్ నాటికి గడ్డి పచ్చగా ఉంది, కింద వరసల్లో సీట్లు ఉన్నాయి, బార్సిలోనా నగరపాలక సంస్థ అనుమతి మాత్రం లేదు. అంత పెద్ద క్లబ్బు చివరికి ఆరు వేల సీట్ల జోహాన్ క్రైఫ్ స్టేడియంలో ఆడింది, 6-0తో గెలిచింది కూడా, అది వేరే విషయం.

అందుకే డ్రోన్ వీడియోలు చూసి "అయిపోయింది రా, వచ్చే వారమే" అని స్టేటస్ పెట్టకండి. పైనుంచి కనపడేది సీట్లు, గడ్డి. అనుమతి ఇచ్చేవాళ్లు చూసేది సీట్ల వెనకున్న మెట్లు, బయటికి పోయే దారులు, ఏదైనా జరిగితే జనం ఎంతసేపట్లో ఖాళీ అవుతారన్నది. అది ఏ డ్రోన్‌కీ కనపడదు. వార్తల్లో 1ఏ, 1బీ, 1సీ అన్న మాటలు ఎక్కడ ఉన్నాయో వెతకండి. ఒక్కో దశకీ విడిగా అనుమతి: మొదటిది పాతిక వేల పైచిలుకు సీట్లకి, రెండోది 45,401కి, మూడోది అరవై వేలు దాటడానికి. 1ఏ అక్టోబర్‌లోనే వచ్చేసింది. అయినా క్లబ్బు కదల్లేదు, ఎందుకంటే అప్పుడు ఆడుతున్న మోంజుయిక్ కొండమీది ఒలింపిక్ స్టేడియంలోనే దాదాపు యాభై వేల మంది పడతారు, పాతిక వేలకి తిరిగొస్తే చేతి డబ్బులు పోతాయి. నవంబర్‌లో 1బీ చేతికొచ్చాకే అథ్లెటిక్ బిల్బావోతో తలుపులు తెరిచారు. ఐదో నిమిషం కూడా రాకముందే బార్సా ఆటగాడు లెవాండోవ్‌స్కీ గోల్ కొట్టాడు, చివరికి 4-0తో గెలిచారు. ఆ రోజుకీ మూడో అంతస్తు సగంలోనే ఉంది, పైకప్పు ఊసే లేదు.

"మరి మిగతావాళ్లు టైముకి కట్టలేదా" అని ఎవడో ఒకడు తప్పకుండా అంటాడు. పోల్చండి, తప్పులేదు, పోలిక మాత్రం సరిగ్గా ఉండాలి. లండన్ క్లబ్బు టోటెన్‌హామ్ 2018 సెప్టెంబర్‌లో కొత్త స్టేడియంలోకి వెళ్లాల్సింది, భద్రతా వ్యవస్థల్లో లోపాలు బయటపడి 2019 ఏప్రిల్ 3కి గానీ వెళ్లలేదు. ఇంకో ఇంగ్లండ్ క్లబ్బు లివర్‌పూల్‌కి 2023లో వాళ్ల స్టేడియంలోని ఆన్‌ఫీల్డ్ రోడ్ స్టాండ్ పని మధ్యలో ఉండగానే కాంట్రాక్టరు దివాలా తీశాడు, అయినా వాళ్లు స్టేడియం మారలేదు, ఒక్క స్టాండే కాబట్టి మిగతా చోట్ల జనాన్ని కూర్చోబెట్టి నడిపించారు. బార్సా స్టేడియం మొత్తం ఖాళీ చేసి పోయింది. నన్నడిగితే లేటుకంటే పెద్ద తప్పు తేదీలు ప్రకటించడం. ముహూర్తం పెట్టి, కార్డులు పంచి, ఆ తర్వాత మేస్త్రీని "అయిపోయిందా" అని అడిగినట్టుంది వ్యవహారం. ఒకసారి అయితే సరే, ప్రతిసారీనా?

ఇంకో చిన్న విషయం. సీజన్ మధ్యలో స్టేడియం మార్చాలంటే క్లబ్బు ఒక్కటే అనుకుంటే చాలదు, స్పానిష్ లీగూ, యూరప్ క్లబ్బులు ఆడే ఛాంపియన్స్ లీగూ కూడా సరే అనాలి. "నగరం ఒప్పుకుంది కదా, ఇంకా ఏంటి" అనేవాళ్లకి ఇది చెప్పండి.

జర్మనీలోనో ఐర్లండ్‌లోనో చదువుకుంటూ వీకెండ్‌లో బార్సిలోనా వెళ్లి మ్యాచ్ చూసొద్దామనుకునే మన పిల్లలు చాలామందే ఉన్నారు, వాళ్లకో మాట. పనులు పూర్తిగా అయ్యేవరకు క్లబ్బు చెప్పిన తేదీని నమ్మి ఫ్లైట్ వేసుకోకండి. ఏ స్టేడియంలో ఆడతారో టికెట్ మీద ఖాయంగా రాసి ఉన్నాక వేసుకోండి, హోటల్ క్యాన్సిల్ చేసుకునే వీలున్నదే తీసుకోండి. క్యాంప్ నౌ, మోంజుయిక్ రెండూ ఒకే ఊళ్లో ఉన్నాయి కాబట్టి గది ఎస్పాన్యా కూడలి చుట్టుపక్కల దొరికితే ఎటైనా ఇబ్బంది ఉండదు, మోంజుయిక్ కొండ ఎక్కేది అక్కడి నుంచే, క్యాంప్ నౌ వైపు మెట్రో దొరికేదీ అక్కడే. పైకప్పు పడేదాకా బ్యాగులో ఒక రెయిన్‌కోటు ఉంచుకోండి. గొడుగు తీశారంటే వెనక వరసవాళ్లు కాటలాన్‌లో ఏమంటారో మీకు అర్థం కాకపోయినా అర్థమవుతుంది.