దానిమ్మపండు మీద బరోక్ వెలుగు

చిక్కడపల్లిలో పిల్లలకు బొమ్మలు నేర్పుతాను. బరోక్ అంటే పదిహేడో శతాబ్దపు ఐరోపా కళాశైలి; అందులోని గాఢమైన వెలుగునీడలకు మా ఇంటి పద్ధతి ఇది. రాత్రి కిటికీలు మూసి ట్యూబ్‌లైటు ఆర్పండి. కోసిన దానిమ్మకు కుడివైపు, కాస్త పైనుంచి ఒక్క ఫోన్ టార్చి చాలు. రోమ్‌లో 1600 నాటికి ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో ముగించిన ‘మత్తయి పిలుపు’ (యేసు మత్తయిని శిష్యుడిగా పిలిచే దృశ్యం) చిత్రంలోనూ వెలుగు అలాగే ఏటవాలుగా పడుతుంది.

పుస్తకాలకు అట్టలేసే ఖాకీ కాగితం తీసుకోండి, గరుకు వైపు. ముందే పండు గీయకండి. బొగ్గుతో చీకటంతా నింపి, వెలుగు పడ్డచోట రబ్బరుతో తుడవండి. నీడలో అంచు కలిసిపోతే పోనివ్వండి. మా పిల్లలు సరిగ్గా అక్కడే గీత లాగి చెడగొడతారు! గింజల మెరుపుకు తెల్ల చాక్‌పీసు, రెండే చుక్కలు. వెలుగు మరీ గుచ్చుతుంటే టార్చికి పాత దస్తీ అడ్డం పెట్టండి.