ఈ జట్టుకు ఓనమాలు వచ్చా? కాలేజీ బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూసి తేల్చుకోవడం ఎలా?

2011 ఏప్రిల్ 4న హ్యూస్టన్‌లో అమెరికా పురుషుల కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్ జరిగింది. బట్లర్ జట్టు 64 షాట్లు విసిరింది. పడినవి 12. మూడు పాయింట్ల గీత లోపలి నుంచి, అంటే దగ్గర నుంచి విసిరిన 31లో పడినవి మూడే. కనెటికట్ 53–41తో గెలిచింది కానీ వాళ్ల షాట్లు కూడా 55కి 19 మాత్రమే పడ్డాయి. దేశంలోని రెండు మేటి జట్ల ఆట అది. 2013 జనవరిలో నార్తర్న్ ఇల్లినాయ్ జట్టు ఇంకో మెట్టు దిగింది. ఈస్టర్న్ మిషిగన్ మీద మొదటి ఇరవై నిమిషాలూ ఆడి 4 పాయింట్లు చేసింది. 31 షాట్లలో ఒకటి పడింది.

ఆ 2012–13 సీజన్‌లో ఒక్కో జట్టు సగటు స్కోరు 67.5. 1951–52 తర్వాత అంత తక్కువ ఎప్పుడూ లేదు. 1970ల మొదట్లో ఇదే సగటు 77 దాటింది. ఇక పాతకాలపు అభిమానులను ఆపేదెవరు? ‘ఇప్పటి కుర్రాళ్లకు ఎగరడం తప్ప ఓనమాలు రావు’ అన్న మాట అప్పటి నుంచి ప్రతి శీతాకాలమూ వినిపిస్తూనే ఉంది.

ఆ మాట నిజమో కాదో ఎవరినో అడగనక్కరలేదు. ఒక కాగితం, ఒక పెన్ను, రెండు గంటల ఓపిక ఉంటే చాలు. అమెరికాలో చదువుకునే మన విద్యార్థులకు ఇది మరీ సులువు. చాలా విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులకు టికెట్ ఉచితంగానో చౌకగానో దొరుకుతుంది. పిల్లల దగ్గరికి వెళ్లి మంచు కురుస్తున్న ఊళ్లో కిటికీ పక్కన కూర్చున్న తల్లిదండ్రులకూ మంచి కాలక్షేపమే. ఆట తెలియకపోయినా ఫరవాలేదు. లెక్కపెట్టడం వస్తే చాలు.

1. స్కోరు చూడకండి, వంతులు లెక్కపెట్టండి

ఒక జట్టు 150 కొట్టిందని చెబితే క్రికెట్ తెలిసినవాళ్లు వెంటనే అడిగేది ‘ఎన్ని ఓవర్లలో?’ అని. బాస్కెట్‌బాల్‌లో ఆ ప్రశ్న అడిగేవాళ్లు చాలా తక్కువ. స్కోరు తక్కువైతే చెత్త ఆట, ఎక్కువైతే గొప్ప ఆట అని తేల్చేస్తారు.

ఇక్కడ ఓవర్ల స్థానంలో ఉండేది ‘వంతు’. బంతి ఒక జట్టు చేతికి వచ్చినప్పటి నుంచి ఎదుటి జట్టు చేతికి పోయేదాకా ఒక వంతు. కబడ్డీ తెలిసినవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. రైడుకు 30 సెకన్లు, ఇక్కడ ఒక వంతుకు 30 సెకన్లు. ఆలోపు షాట్ విసరకపోతే బంతి అవతలివాళ్లది. కాగితం మీద రెండు జట్లకూ చెరొక గడి గీసి, వంతు ముగిసినప్పుడల్లా ఒక గీత పెట్టండి. జాగ్రత్త పడాల్సిన చోటు ఒక్కటే. విసిరిన షాట్ పడకపోయినా అదే జట్టు బంతిని మళ్లీ అందుకుంటే కొత్త వంతు కాదు, పాత వంతే సాగుతుంది.

ఆట ముగిశాక పాయింట్లను వంతులతో భాగించండి. వంతుకు ఒక పాయింటు అంటే మామూలు దాడి. 1.15 దాటితే ఆ రోజు ఆ జట్టు బాగా ఆడిందని అర్థం. 0.85 అంటే ఎక్కడో లోపముంది.

మ్యాచ్ చూడలేకపోతే మర్నాడు స్కోరు పట్టిక తీసుకుని అంచనా వేయవచ్చు. మొత్తం షాట్లలోంచి దాడిలో దక్కిన రీబౌండ్లు (పడని షాట్ల తర్వాత తామే మళ్లీ అందుకున్న బంతులు) తీసేయండి, టర్నోవర్లు (షాట్ విసరకుండానే పోగొట్టుకున్న బంతులు) కలపండి, ఆపైన ఫ్రీ త్రోలను (ఫౌల్ జరిగితే ఎవరి అడ్డూ లేకుండా విసిరే షాట్లు) 0.475తో గుణించి కలపండి. 58 షాట్లు, 10 దాడి రీబౌండ్లు, 12 టర్నోవర్లు, 18 ఫ్రీ త్రోలు ఉంటే దాదాపు 69 వంతులు. ఆ జట్టు 60 పాయింట్లే చేసి ఉంటే మీ సణుగుడులో న్యాయముంది. 78 చేసి ఉంటే లేదు.

ఈ లెక్క లేకుండా కాలాలను పోల్చడం దండగ. ఎందుకంటే షాట్‌కు గడువు పెట్టే గడియారం, అంటే షాట్ క్లాక్ అనేదే కాలేజీ ఆటలో 1985–86 దాకా దేశమంతటా లేదు. 1982లో మైకేల్ జోర్డాన్ ఉన్న నార్త్ కరొలైనా జట్టు తన కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీల కూటమి) ఫైనల్లో ఆధిక్యం దక్కగానే బంతిని చేతులు మార్చుకుంటూ నిమిషాల తరబడి షాటే విసరకుండా గడిపింది. వర్జీనియా మీద 47–45తో గెలిచింది. జనం విసుక్కున్నారు. ఆ విసుగులోంచే 45 సెకన్ల గడియారం పుట్టింది. 1993–94లో అది 35కు, 2015–16లో 30కి తగ్గింది. గడియారం లేని చివరి ఫైనల్ 1985లో. విలనోవా ఆ రోజు నలభై నిమిషాల్లో విసిరింది 28 షాట్లే. 22 పడ్డాయి. జార్జ్‌టౌన్ మీద 66–64తో గెలిచింది. స్కోరు మామూలే. దాడి మాత్రం మళ్లీ చూడని స్థాయిది.

వర్జీనియా సంగతీ ఇంతే. టోనీ బెనెట్ శిక్షణలో ఆ జట్టు నత్తనడక ఆట ఆడేది. 2018లో జాతీయ టోర్నీలో తన విభాగంలో అన్నిటికంటే కిందిదైన పదహారో ర్యాంకు జట్టు చేతిలో 74–54తో ఓడినప్పుడు నవ్వనివాళ్లు లేరు. మర్నాటి ఏడాది అదే నడకతో టైటిల్ గెలిచింది. స్కోర్లు చూసి ఆ జట్టుకు దాడి రాదన్నారు కానీ, వంతుల లెక్కన 2019లో దేశంలోని మేటి దాడుల్లో వాళ్లది ఒకటి.

2. దూరపు షాట్‌కు దాని విలువ ఇవ్వండి

మామూలు షాట్‌కు రెండు పాయింట్లు కాబట్టి, మూడు పాయింట్ల షాట్ పడితే దాన్ని ఒకటిన్నరగా లెక్కపెట్టి, మొత్తాన్ని విసిరిన షాట్లతో భాగించండి. బట్లర్ ఆ ఫైనల్లో వేసిన 12లో 9 మూడు పాయింట్లవి. ఈ లెక్కలో కూడా ఆ జట్టుకు 26 శాతం దాటలేదు. విలనోవాది 78.6. అప్పటికి మూడు పాయింట్ల గీతే లేదు. అది 1986–87లో వచ్చింది.

మూడుకు ఒకటి వేసే దూరపు షాటరూ, రెండుకు ఒకటి వేసే దగ్గరి షాటరూ సమానమే అని ఈ లెక్క చెబుతుంది. పదిహేను అడుగుల దూరం నుంచి ఆగి, ఎగిరి, అందంగా విసిరే పాత షాట్ తగ్గిపోయింది ఇందుకే. దాన్ని నేనూ ఇష్టపడతాను. అది తగ్గడం కూడికలు చేసుకున్నందువల్ల తప్ప, చేతకాకపోవడం వల్ల కాదు. గీతను 2008–09లో ఒక అడుగు, 2019–20లో ఇంకో అడుగు పైచిలుకు వెనక్కి జరిపినా కుర్రాళ్లు అక్కడి నుంచే విసురుతున్నారు.

3. ఫ్రీ త్రోలు

పదిహేను అడుగుల దూరం, ఎదురు నిలిచేవాడు లేడు, తొందర లేదు. చేతి పని ఎలా ఉందో చూడటానికి ఇంతకంటే శుభ్రమైన పరీక్ష లేదు. అరవయ్యో దశకం మధ్య నుంచి దశాబ్దాల పాటు కాలేజీ జట్ల సగటు 69 శాతం చుట్టూనే తిరిగింది. తాతలూ ఇంతే, మనవలూ ఇంతే.

4. బంతిని వదిలేసి కాళ్లను చూడండి

ఓనమాలు కనబడేది ఇక్కడే. టీవీ కెమెరా చూపించనిదీ ఇదే. అందుకే వీలైతే మైదానానికి వెళ్లి పై వరుసలో కూర్చోండి. ఒక ఆటగాణ్ణి ఎంచుకోండి. అయిదు నిమిషాలు అతన్ని తప్ప ఎవరినీ చూడకండి. మొదట్లో ప్రాణం కొట్టుకుపోతుంది, బంతి ఎటు పోతే కళ్లు అటు పోతాయి. రెండో అయిదు నిమిషాలకు అలవాటవుతుంది.

బంతి అందుకున్న క్షణంలో అతని రెండు పాదాలూ ఒకేసారి నేలకు ఆనాయా? దీన్ని జంప్ స్టాప్ అంటారు. అలా ఆగినవాడు ఏ కాలి మీదైనా తిరగగలడు. ఒంటికాలి మీద తూలుతూ అందుకున్నవాడికి ఆ స్వేచ్ఛ లేదు. ఆ తర్వాత పివట్, అంటే ఒక పాదం కదపకుండా రెండో కాలితో తిరగడం. మా బడిలో పీఈటీ మాస్టారు ‘ఒక కాలు మేకు దిగేసినట్టు ఉండాలి, రెండోది దిక్కులు చూడాలి’ అనేవారు. ఆ మాట విన్నప్పుడు నవ్వుకున్నాం. 2018లో విలనోవా జట్టును చూసినప్పుడు గుర్తొచ్చింది. సెమీఫైనల్లో కాన్సస్ మీద 18 మూడు పాయింట్ల షాట్లు వేసిందని ఆ జట్టును అందరూ తలచుకుంటారు. నేను చూసింది మాత్రం జేలెన్ బ్రన్సన్ కాళ్లు. బుట్ట కింద తనకంటే పొడుగువాళ్ల మధ్యకు వెళ్లి, రెండు కాళ్ల మీద ఆగి, ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరిగి, అవతలివాడు గాల్లోకి లేచాక నింపాదిగా విసిరేవాడు. పదేళ్ల పిల్లలకు నేర్పే పాఠమే అది.

యూసీఎల్‌ఏను పన్నెండేళ్లలో పదిసార్లు విజేతగా నిలిపిన జాన్ వుడెన్ అయితే ఇంకా కిందినుంచి మొదలుపెట్టేవారు. సాక్సులు ముడత పడకుండా ఎలా తొడుక్కోవాలో ఆటగాళ్లకు నేర్పేవారు. కాలికి బొబ్బ లేస్తే ఆట పోతుందని.

బంతి లేనప్పుడు మీ ఆటగాడు ఏం చేస్తున్నాడో కూడా రాసుకోండి. స్క్రీన్ వేసేటప్పుడు, అంటే తోటి ఆటగాడి కాపలాదారుకు అడ్డంగా నిలిచేటప్పుడు, గుంజలా పాతుకుని నిలబడ్డాడా, లేక దారిలో తగిలి తగలనట్టు జారిపోయాడా? తన కాపలాదారు తల తిప్పిన క్షణంలో వెనకనుంచి బుట్ట వైపు పరుగెత్తాడా, చేతులు నడుం మీద పెట్టుకుని బస్సు కోసం చూసినట్టు నిలబడ్డాడా? ఆ వెనకదారి పరుగును ప్రిన్స్‌టన్‌లో కోచ్ పీట్ కారిల్ దాదాపు ఒక శాస్త్రంగా మార్చారు. 1996లో అంతకు ముందటి ఏడాది విజేత యూసీఎల్‌ఏను ఆ జట్టు 43–41తో ఇంటికి పంపింది. చివరి సెకన్లలో పడిన బుట్ట అలాంటి పరుగుదే. ఎగరడంలో, బలంలో ప్రిన్స్‌టన్ కుర్రాళ్లు ఏ కోశానా సాటి రారు.

ఇంకొక్క గీత. ప్రతి వంతులోనూ బంతి మొదటిసారి బుట్ట ముందున్న రంగు వేసిన గడిలోకి వెళ్లినప్పుడు షాట్ క్లాక్‌లో ఎంత మిగిలిందో రాయండి. 20 దగ్గర వెళుతుంటే వాళ్ల దగ్గర ఒక ఆలోచన ఉంది. 8 దాకా బయటే బంతిని కొడుతూ తిరిగి, చివరికి ఒకడు తల వంచుకుని దూసుకుపోతుంటే లేదు. పాత అభిమానుల ఫిర్యాదులో నిజమున్న భాగం నాకు కనబడింది ఇక్కడే.

5. కుర్రాళ్లను తిట్టే ముందు ఈలను వినండి

2013–14లో దాడి చేసేవాడి ఒంటి మీద చెయ్యి వేసి ఆపడాన్ని ఫౌల్‌గా గట్టిగా పట్టుకోవాలని అంపైర్లకు చెప్పారు. ఆ ఏడాదే సగటు 70 దాటింది. మర్నాటి ఏడాది ఈలలు మెత్తబడ్డాయి, సగటు మళ్లీ 67 దగ్గరికి జారింది. 2015–16లో గడియారం 30కి తగ్గించి, బుట్ట కింద దాడివాడికి అడ్డంగా నిలబడి ఫౌల్ సంపాదించుకునే వీలు లేని అర్ధచంద్రాన్ని 3 అడుగుల నుంచి 4కు పెంచి, కోచ్‌ల టైమ్ అవుట్లకు కోత పెట్టారు. సగటు మళ్లీ 70 పైకి లేచింది. ఒక్క వేసవిలో దేశంలోని కుర్రాళ్లందరికీ ఓనమాలు రావు, పోవు. మారింది వాళ్లను పట్టుకుని లాగే చేతులు.

కాబట్టి మీ కాగితంలో మొదటి అయిదు నిమిషాల్లో బంతి ఉన్నవాడి నడుం మీద ఎన్నిసార్లు చెయ్యి పడిందో, ఎన్నిసార్లు ఈల మోగిందో గీతలు పెట్టండి. రెండింటికీ చాలా తేడా ఉంటే ఆ రోజు స్కోరును బట్టి ఎవరినీ నిందించకండి.

మరి పోయిందేమీ లేదా? ఉంది. అయిదుగురూ కలిసి గడిపే కాలం పోయింది. 2006 నుంచి ఎన్‌బీఏకు (అక్కడి ప్రొఫెషనల్ లీగ్) వెళ్లాలంటే ఆ ఏడాదిలో 19 ఏళ్లు నిండాలి, అమెరికా కుర్రాళ్లయితే హైస్కూలు ముగిసి ఏడాది గడవాలి కూడా. దాంతో గొప్ప ప్రతిభ ఉన్నవాళ్లు కాలేజీలో ఒక్క ఏడాది ఉండి వెళ్లిపోవడం మొదలైంది. 2021 నుంచి ఒక కాలేజీ వదిలి ఇంకో కాలేజీకి వెళ్లినవాళ్లు ఏడాది ఖాళీగా కూర్చోనక్కరలేదు, తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు కూడా. ఆ డబ్బు వాళ్లకు ఎప్పుడో దక్కాల్సింది, అందులో నాకు ఏ పేచీ లేదు. కానీ వెనకదారి పరుగు అనేది ఇద్దరి మధ్య కంటిచూపు. జూన్‌లో పరిచయమైనవాళ్లకు నవంబరు కల్లా అది కుదరదు. నమ్మకం కుదరకపోతే ఒకే జట్టును నవంబరులో ఒకసారి, ఫిబ్రవరి చివర ఒకసారి ఇదే కాగితంతో చూడండి. నాలుగో మెట్టులోని గీతలు ఎంత మారతాయో మీకే తెలుస్తుంది.

6. టర్నోవర్లకు రెండు గడులు

బంతి పోగొట్టుకున్న ప్రతిసారీ అవతలివాడు గెలుచుకున్నాడా, ఇతనే జారవిడిచాడా అన్నది వేరువేరుగా రాయండి. అడుగులు తప్పడం, ఎవరూ లేని చోటికి పాస్ విసరడం, చేతిలో పడిన బంతి జారిపోవడం రెండో గడిలోకి వెళతాయి. ఒక జట్టుకు ఓనమాలు రావని అనాలంటే ఆ రెండో గడి నిండాలి.

కొన్నిసార్లు ఏ గడిలో రాయాలో తేలదు. 2025 ఫైనల్లో ఫ్లోరిడా 65–63తో ముందుంది, చివరి సెకన్లు, బంతి హ్యూస్టన్‌ది. వాళ్ల ఆటగాడు మూడు పాయింట్ల షాట్‌కు లేచాడు. ఫ్లోరిడా ఆటగాడు వాల్టర్ క్లేటన్ దూసుకొచ్చి ఎదుట నిలిచాడు. విసరలేక అతను బంతిని కింద వదిలేశాడు. తానే మళ్లీ తాకితే నియమభంగం. చుట్టూ ఉన్నవాళ్లు తేరుకునేలోపు సమయం అయిపోయింది. టైటిల్ కోసం ఆడుతున్న వంతులో ఒక్క షాట్ కూడా లేదు. నేను ముందు రెండో గడిలో గీత పెట్టాను. మర్నాడు ఆ దృశ్యాన్ని నాలుగుసార్లు చూసి, క్లేటన్ కాళ్లు గమనించాక, దాన్ని కొట్టేసి మొదటి గడిలోకి మార్చాను.