స్ట్రాబెర్రీ రన్నర్లు: ఏవి కత్తిరించాలి, ఏవి ఉంచాలి

కుండీలో స్ట్రాబెర్రీ పెంచుతుంటే, పక్కలకు సాగే రన్నర్లను, అంటే చివర పిల్ల మొక్కలు పుట్టే సన్నని తీగలను చూసి ముచ్చటపడి వదిలేయకండి. కాయలు కాసే చలికాలంలో అవి మొక్క బలాన్ని లాగేస్తాయి. కనిపించగానే మొదలు దాకా కత్తిరించండి.

పిల్ల మొక్కలు కావాలంటే కోత అయ్యాక వచ్చే రన్నర్లు ఉంచుకోండి. తల్లికి దగ్గరగా ఉన్న మొదటి పిల్లే సాధారణంగా బలంగా ఉంటుంది. దాన్ని చిన్న కుండీలో తడి మట్టి మీద ఆనించి, తీగ కదలకుండా దాని మీదుగా హెయిర్‌పిన్ గుచ్చితే చాలు. ఆకులు పుట్టే మొదలు మాత్రం మట్టిలో పూడిపోకూడదు, కుళ్లిపోతుంది. మూడు నాలుగు వారాలకు మెల్లగా లాగి చూడండి. కదలకపోతే వేరు పట్టినట్టే, తల్లి నుంచి తెంచేయండి. హైదరాబాద్, విజయవాడల్లో లంబసింగి చల్లదనం ఉండదు కదా, ఎండాకాలమంతా ఈ పిల్లల్ని నీడలోనే ఉంచాలి. తెగులు తగిలిన మొక్క నుంచి పిల్లల్ని అసలు తీయొద్దు.