ఐదో నెలలో ఏమవుతుంది, ఏం చేయాలి? వారాల లెక్క నుంచి టిఫా స్కాన్ దాకా

‘ఐదు నిండనీ, అప్పుడు పోదాం అన్నది మా అత్తమ్మ, సిస్టర్.’

హైదరాబాద్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో గర్భిణుల ఓపీ చూస్తూ పాతికేళ్లు నర్సుగా పనిచేశాను. ఈ మాట వినని వారం లేదు. చివరి నెలసరి తేదీ అడిగి వేళ్ల మీద లెక్కపెడితే 25 వారాలో, 26 వారాలో తేలేది. అప్పటికే బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ వేళ దాటిపోయి ఉండేది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, అత్తమ్మకు కోడలి మీద ప్రేమ లేకపోలేదు. చిక్కంతా నెలల లెక్కలోనే ఉంది.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

గోడ క్యాలెండర్, ఎర్ర పెన్ను, బటన్ ఉన్న ప్లాస్టిక్ ఫోల్డర్. ఫోల్డర్‌లో తల్లీబిడ్డల కార్డు, మొదటి స్కాన్ రిపోర్టు, రక్తపరీక్షల కాగితాలు, ఆధార్ జిరాక్స్. తేదీల వరుసలో పెట్టండి, కొత్తది పైకి. మందుల షాపు కవర్లో మడిచి కుక్కి తేవద్దు. అంతే.

వారాలు లెక్కపెట్టండి, నెలలు వద్దు

మన ఇళ్లలో నెల తప్పిన రోజు నుంచి లెక్క మొదలుపెడతారు. డాక్టర్లు అంతకు ముందు వచ్చిన చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కేస్తారు. అక్కడే నాలుగు వారాల తేడా వచ్చేస్తుంది. దానికి తోడు ‘ఐదో నెల పడింది’ అంటే ఒకరికి నాలుగు నిండినట్టు, ఇంకొకరికి ఐదు నిండినట్టు.

ఒక ఉదాహరణ చూడండి. చివరి నెలసరి జనవరి 10న వచ్చిందనుకుందాం. లీపు సంవత్సరం కాకపోతే మే 16కి 18 వారాలు, మే 30కి 20 వారాలు, జూన్ 13కి 22 వారాలు నిండుతాయి. అదే అమ్మాయి ఇంట్లో నెల తప్పిన ఫిబ్రవరి 10 నుంచి లెక్కేసుకుని ‘ఐదు నిండాక’ అంటే జూలై 10 వస్తుంది. ఆ రోజుకు డాక్టరు లెక్కలో 25 వారాల 6 రోజులు! మధ్యలో ఆషాఢమని పుట్టింటికి వెళ్లడం, అమావాస్య వెళ్లనివ్వమనడం కలిస్తే ఇంకో పది రోజులు.

కాబట్టి క్యాలెండర్ తీయండి. చివరి నెలసరి శనివారం వచ్చి ఉంటే ప్రతి శనివారం గడిలో ఎర్ర పెన్నుతో 1, 2, 3 అని వారం నిండినప్పుడల్లా నంబరు వేసుకుంటూ పోండి. 40 దాకా ఒకేసారి వేసేయండి. ఫోన్ యాప్‌లో ఉంది కదా అంటారు. యాప్ ఆ అమ్మాయి ఒక్కతే చూస్తుంది. వంటింటి గోడ మీద ఉన్న క్యాలెండర్‌ను అత్తమ్మ, భర్త, మరిది అందరూ చూస్తారు. ‘ఈ శనివారానికి 19 అమ్మా’ అని వాళ్లే గుర్తుచేస్తారు. నా లెక్కలో యాప్ కన్నా క్యాలెండరే మేలు. మా వదిన కూతురికీ, ఇద్దరు కోడళ్లకీ ఇలాగే రాసిచ్చాను.

నెలసరి సరిగా రాని వాళ్లకు ఈ లెక్క కుదరదు. మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్‌లో బిడ్డ పొడవును బట్టి డాక్టరు ఇచ్చిన డెలివరీ తేదీయే వాళ్లకు ఆధారం. ఆ తేదీని 40 అనుకుని వెనక్కి లెక్కేయండి. తర్వాత తీసే ప్రతి స్కాన్ రిపోర్టులోనూ యంత్రం ఇంకో తేదీ చూపిస్తుంది. దాన్ని చూసి ‘డేట్ మారిపోయింది’ అని టెన్షన్ పడకండి. డాక్టరు మొదట ఖాయం చేసిన తేదీయే చివరిదాకా.

తల్లికీ బిడ్డకూ ఏమవుతుంది

20 వారాలకు బిడ్డ తల నుంచి మడమ దాకా సుమారు 25 సెంటీమీటర్లు, బరువు 300 గ్రాములు. ఓ మోస్తరు మామిడికాయంత. ఒంటి మీద సన్నని నూగు, ఉమ్మనీటిలో చర్మం నానిపోకుండా తెల్లని మైనం లాంటి పూత ఉంటాయి. గుండె నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకుంటుంది. బిడ్డ ఉమ్మనీరు మింగుతుంది, వేలు చీకుతుంది.

తల్లిని వెల్లకిలా పడుకోబెట్టి నర్సు అరచేతి అంచుతో పొట్ట మీద మెల్లగా నొక్కి చూస్తుంది. గట్టిగా తగిలే గర్భసంచి పై అంచు బొడ్డు దగ్గర ఉంటే 20 వారాల ఎదుగుదల సరిగా ఉన్నట్టు. ఆ తర్వాతి వారాల్లో పొత్తికడుపు కింది ఎముక నుంచి ఆ అంచు దాకా టేపుతో కొలిస్తే ఎన్ని వారాలో దాదాపు అన్ని సెంటీమీటర్లు ఉండాలి, రెండు అటూ ఇటూ.

తొలి కదలిక మొదటి కాన్పు వాళ్లకు 18 నుంచి 20 వారాల మధ్య తెలుస్తుంది, రెండోసారి ఇంకా ముందే. చేపపిల్ల తోక ఆడించినట్టుంటుంది. చాలామంది గ్యాస్ అనుకుంటారు. మాయ ముందువైపు అతుక్కుని ఉంటే ఇంకొన్నాళ్లు ఆలస్యం కావచ్చు. 24 వారాలు నిండినా ఏమీ తెలియకపోతే మాత్రం ఆసుపత్రికి వెళ్లాలి.

గజ్జల దగ్గర చురుక్కుమని లాగడం, రాత్రి పిక్కలు పట్టేయడం, గుండెల్లో మంట, పళ్లు తోముకుంటే చిగుళ్లలో రక్తం, బొడ్డు కింద నల్లటి గీత మామూలే. ఈ నెలల్లో బీపీ కొంచెం తగ్గుతుంది కాబట్టి మెట్రోలోనో బస్సులోనో ఎక్కువసేపు నిలబడితే కళ్లు తిరుగుతాయి. సీటు అడిగి కూర్చోండి, మొహమాటం వద్దు.

టిఫా స్కాన్: ఇక్కడే అందరూ తడబడేది

బిడ్డ అవయవాలన్నీ సరిగా ఏర్పడ్డాయా అని తల నుంచి కాలి వరకు చూసే స్కాన్ ఇది. 18 నుంచి 22 వారాల మధ్య చేయాలి. 16 వారాలకు గుండె మరీ చిన్నది, నాలుగు గదులూ విడివిడిగా పట్టుకోవడం కష్టం. 22 దాటితే ఏదైనా లోపం కనిపించినా ఆలోచించుకోవడానికి, ఇంకో పరీక్ష చేయించడానికి, ఇంకో డాక్టరును అడగడానికి సమయం మిగలదు. 2021లో సవరించిన గర్భస్రావ చట్టం ప్రకారం 24 వారాలు దాటాక తీవ్రమైన లోపం బయటపడితే రాష్ట్ర మెడికల్ బోర్డు ముందుకు వెళ్లాలి. ఏ కుటుంబమూ తన బిడ్డకు అలా జరుగుతుందనుకోదు. అయినా ఆ నిర్ణయం తీసుకోవాల్సిన వాళ్లకు రెండు వారాల వ్యవధి ఎంత విలువైనదో నేను దగ్గర కూర్చుని చూశాను.

క్యాలెండర్‌లో 19 వేసిన రోజుకూ 20 వేసిన రోజుకూ మధ్యే టిఫా. ఇది నా నియమం. బిడ్డ సరిగా తిరగకపోయి మళ్లీ రమ్మన్నా ఇంకా వ్యవధి ఉంటుంది. అపాయింట్‌మెంట్ 17వ వారంలోనే పెట్టించుకోండి. మంగళవారం పొద్దున అడగండి. మంగళవారం వద్దనేవాళ్లు ఎక్కువ కాబట్టి రద్దీ తక్కువ, డాక్టరు నిదానంగా చూస్తారు. పేట్లబుర్జు, సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆసుపత్రుల్లో చూపించుకునేవాళ్లు టిఫా సంగతి అక్కడే అడగండి. 2022 చివర్లో రాష్ట్రంలో 44 ప్రభుత్వ ఆసుపత్రులకు 56 టిఫా యంత్రాలు వచ్చాయి. బయటే చేయించాలని ముందే డబ్బు అప్పు చేయొద్దు.

ఆ రోజు ఖాళీ కడుపుతో వెళ్లకండి. రెండు ఇడ్లీలు తిని వెళ్లండి. నీళ్లు తాగి ఉగ్గబట్టుకుని కూర్చోవడం తొలి నెలల స్కాన్‌కి, దీనికి అక్కర్లేదు. చీరో, చుడీదారో వేసుకోండి. నైటీ, పొడుగు గౌను వద్దు, మొత్తం పైకి లాగాల్సి వస్తుంది. డాక్టరు రాసిచ్చిన చీటీ తప్పనిసరి. అక్కడ స్కాన్ వివరాలు రాసే ఫారం ఎఫ్ నింపిస్తారు, సంతకం చేయాలి. ఆడా మగా అని అడగకండి, సైగతో కూడా. 1994 లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం అడగడమూ చెప్పడమూ రెండూ నేరమే.

స్కాన్‌కి అరగంట, ముప్పావు గంట పడుతుంది. డాక్టరు మెదడు, వెన్నెముక, గుండె, పొట్ట, మూత్రపిండాలు, చేతులు, కాళ్లు, పెదవి ఒక్కొక్కటిగా చూస్తారు. మనం గ్రహణం మొర్రి అంటామే, ఆ పెదవి చీలిక కూడా ఇందులోనే కనిపిస్తుంది. పెదవి కలిసేది మూడో నెల లోపే. అందుకని ఐదో నెలలో గ్రహణం పట్టిందని గర్భిణిని కదలకుండా, తినకుండా పడుకోబెట్టడం ఆమెను బాధపెట్టడమే. బిడ్డ వీపు పైకి పెట్టి పడుకుంటే ముఖం, గుండె కనిపించవు. కాసేపు నడిచి రమ్మంటారు. విసుక్కోకుండా నడవండి. ‘కనిపించినంత చాలు, రిపోర్ట్ ఇచ్చేయండి’ అని తొందరపెట్టిన భర్తలను చాలామందిని చూశాను. కనిపించనిది గుండె అయితే ఎలా చాలుతుంది? ఇంకో రోజు రమ్మంటే ఇంకో రోజు వెళ్లండి.

రిపోర్టు చేతికొచ్చాక గేటు దగ్గర నిలబడి ఒక్కో ఇంగ్లిష్ మాటా ఫోన్‌లో వెతకొద్దు. ‘మాయ కిందికి ఉంది’ అని రాస్తే ఏడుస్తూ వచ్చేవాళ్లు. గర్భసంచి పెరిగేకొద్దీ ఎక్కువమందిలో మాయ పైకి జరుగుతుంది. 32వ వారంలో మళ్లీ చూస్తారు. అప్పటిదాకా భార్యాభర్తల కలయిక, బరువులెత్తడం గురించి డాక్టరును సూటిగా అడగండి. గుండెలో తెల్ల చుక్క, మెదడులో చిన్న నీటి తిత్తి వేరే లోపమేమీ లేకుండా ఒంటరిగా కనిపిస్తే ఎక్కువసార్లు ఏమీ కాదు. గర్భసంచి ముఖం పొడవు 25 మిల్లీమీటర్ల కన్నా తక్కువని ఉంటే మాత్రం ఆ రోజే డాక్టరుకు చూపించాలి, వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు.

మిగతా పరీక్షలు, మాత్రలు

ఐరన్ మాత్ర రోజుకొకటి, కనీసం 180 రోజులు. రాత్రి భోంచేసిన రెండు గంటలకు నిమ్మనీళ్లతో వేసుకోండి. టీతో, పాలతో, కాల్షియంతో కలపొద్దు. కాల్షియం పొద్దున టిఫిన్‌తో ఒకటి, మధ్యాహ్నం అన్నంతో ఒకటి. విరేచనం నల్లగా వస్తే భయం లేదు. 24 నుంచి 28 వారాల మధ్య షుగర్ పరీక్ష: 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు తాగి రెండు గంటలకు రక్తం ఇవ్వాలి, 140 లేదా ఆపైన వస్తే గర్భంలో షుగర్ ఉన్నట్టు. అరగంటలోపు వాంతి అయితే ఇంకో రోజు మళ్లీ. నెగిటివ్ బ్లడ్ గ్రూప్ వాళ్లు 28 వారాలకు వేసే ఇంజెక్షన్ సంగతి ఇప్పుడే అడిగి పెట్టుకోండి. ప్రతి నెల 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా చూస్తారు.

వెంటనే బయలుదేరాల్సినప్పుడు

రక్తం కనిపించినా, నీరు పోతున్నట్టున్నా, తలనొప్పితో కళ్లు మసకబారినా, ముఖం, చేతులు ఉబ్బినా, జ్వరం వచ్చినా, పొట్ట గట్టిపడి నొప్పి తగ్గకపోయినా తెల్లవారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. ఫోల్డర్‌ను బీరువాలో కాకుండా వీధి తలుపు పక్కన మేకుకు తగిలించి ఉంచండి. అర్ధరాత్రి ఎవరు తోడు వెళ్లినా చెయ్యి చాపితే అందాలి.