మౌస్ కంటే ముందు ముగ్గు

నేను లెక్కల టీచర్ని. కంప్యూటర్ పీరియడ్ కూడా నాకే ఇచ్చారు. ఏడో తరగతిలో 34 మంది పిల్లలు, పనిచేసే కంప్యూటర్లు ఆరు. కంప్యూటర్‌కి పని ఎలా చెప్పాలో, అంటే ప్రోగ్రామింగ్, నేర్పాలి. మొదటి ఏడాది "అల్గారిథమ్ (పనిని వరుస మెట్లుగా చెప్పడం) అనగా..." అని బోర్డు మీద రాసి నోట్సు రాయించాను. పరీక్షలో అందరూ రాశారు, ఒక్కరికీ ఇష్టం పుట్టలేదు. అది నన్ను చాలా బాధపెట్టింది. తర్వాత ఏడాది ముగ్గుతో మొదలుపెట్టాను.

మొదటి వారం కంప్యూటర్ గది తాళం తీయకండి. వరండాలో ఒకరి చేతికి చిన్న ముగ్గు వేసిన కాగితం, ఇంకొకరి చేతికి సుద్దముక్క ఇవ్వండి. కాగితం ఉన్నవాళ్లు నోటితో చెప్పాలి, చూపించకూడదు. సుద్దముక్క ఉన్నవాళ్లు చెప్పినంత మట్టుకే గీయాలి. "పక్కకి గియ్యి" అంటే ఏ పక్కకి? ఎంత దూరం? రెండు నిమిషాల్లో వరండా అంతా గోల. ఆ గోల ఆపకండి, మాట కచ్చితంగా ఉండాలని వాళ్లకు తెలిసేది అక్కడే. తర్వాత ఒక మాట అడగండి: "7 చుక్కలు, సందు చుక్క, 4 వరకు" అని అమ్మ చెబితే మొత్తం ఎన్ని చుక్కలు పెడతారు? 37. అంత చిన్న మాటలో అన్ని చుక్కలు ఇమిడిపోయాయి. కంప్యూటర్‌లో ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే 'రిపీట్' ఆదేశం చేసేదీ అదే పని.

రెండో వారం స్క్రాచ్. అమెరికాలోని ఎంఐటీ అనే విశ్వవిద్యాలయం వాళ్లు 2007లో విడుదల చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. ఇందులో ఆదేశాలు రాసి ఉన్న బ్లాకులను మౌస్‌తో ఒకదాని కింద ఒకటి పేరిస్తే, తెరమీది పిల్లి బొమ్మ అలా చేస్తుంది. ఒకసారి ఇన్‌స్టాల్ చేస్తే నెట్ లేకపోయినా నడుస్తుంది. కింద ఎడమ మూలనున్న బటన్ నొక్కి, గీతలు గీసే 'పెన్' బ్లాకులు చేర్చుకోండి. పెన్ డౌన్, రిపీట్ 4, మూవ్ 100, టర్న్ 90 పెడితే పిల్లి చతురస్రం గీస్తుంది.

ఇప్పుడు త్రిభుజం గీయమనండి. దాదాపు అందరూ టర్న్ దగ్గర 60 పెడతారు. బొమ్మ మూసుకోదు, సగం గిన్నెలా నిలిచిపోతుంది. పోయినేడు ఒక అబ్బాయి ఏడుపు మొహంతో "త్రిభుజంలో కోణం 60 అని మీరే చెప్పారు కదా టీచర్" అన్నాడు. జవాబు చెప్పలేదు. వరండాలో పెద్ద త్రిభుజం గీసి, "నువ్వే పిల్లివి, గీత మీద నడువు" అన్నాను. మూల దగ్గరికి వచ్చి ఆగాడు. ముందు ఎటు చూస్తున్నాడో ఆ వైపు ఒక చెయ్యి చాపమన్నాను, వెళ్లాల్సిన వైపు ఇంకో చెయ్యి. రెండు చేతుల మధ్య ఎంతుందో చూసుకున్నాడు. "60 కాదు టీచర్, 120!" అని లోపలికి పరిగెత్తాడు. బాహ్యకోణం గురించి నేను అంతకంటే బాగా ఏ రోజూ చెప్పలేదు. 1967లో పిల్లల కోసం పుట్టిన 'లోగో' అనే కంప్యూటర్ భాషలో తాబేలు బొమ్మతో గీతలు గీయించేవారు. అక్కడా పిల్లలు తామే తాబేలై నడిచి చూసుకునేవారు.

ఆరు కంప్యూటర్లకు 34 మంది కాబట్టి మా గదిలో ఒక నియమం ఉంది. మౌస్ పట్టుకున్నవాళ్లు మాట్లాడకూడదు, చెప్పేవాళ్లు మౌస్ ముట్టుకోకూడదు. పది నిమిషాలకోసారి మారాలి. గడియారం చూసి మరీ మార్పించండి, లేదంటే ఆడపిల్లలు వెనక బెంచీలోనే ఉండిపోతారు. టీచర్ అయితే మౌస్ అసలు ముట్టుకోకూడదు. నాకు అన్నిటికంటే కష్టమైంది అదే.

ఆ తర్వాత చతురస్రం గీసే బ్లాకులన్నిటినీ ఇంకో రిపీట్ 36లో పెట్టి, చివర టర్న్ 10 కలపమనండి. తెరమీద గుండ్రటి ముగ్గు విచ్చుకుంటుంది. ఇక అంకెలు వాళ్లే మార్చుకుంటారు: 12కి 30, 8కి 45. ఎవరో ఒకరు తప్పకుండా 7 చతురస్రాలు కావాలంటారు. "360ని 7తో భాగిస్తే తెగట్లేదు టీచర్" అంటారు. అప్పుడు ఆపరేటర్స్‌లోంచి భాగహారం బ్లాకు తెచ్చి, అందులో 360, 7 రాసి టర్న్‌లో పెట్టమనండి. తెగని లెక్క తెరమీద చక్కగా కలుస్తుంది.